జడ వేసుకోలేని చేయి: ఫిజియోథెరపీకి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: నా వయసు 48 సంవత్సరాలు. జనగామ జిల్లాలోని ఒక గ్రామంలో ఉంటూ ఇంటి దగ్గరే మిషను కుడుతుంటాను. ఏడేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. ఐదు నెలల క్రితం కుడి భుజంలో సన్నగా నొప్పి మొదలైంది. ఇప్పుడు జడ వేసుకోలేను, జాకెట్టు వెనుక చేయి పెట్టలేను, అటక మీది డబ్బా అందుకోలేను, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేను. చేయి పట్టేసిందని అందరూ అంటే నూనె రాసి మాలిష్ చేయించాను. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు మూడు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. చివరకు ఎముకల డాక్టరుకు చూపిస్తే, ఎక్స్‌రేలో ఏమీ లేదని చెప్పి ఫిజియోథెరపీకి వెళ్లమని రాశారు. అది పక్షవాతం వచ్చినవారికీ, ఆపరేషన్ అయినవారికీ కదా? మా ఆయన ఆటో నడుపుతారు. ఆయనకు మూడు వారాలుగా నడుము నొప్పి ఎడమ కాలిలోకి దిగుతోంది. పడుకుంటే అదే తగ్గుతుందని ఆయన అంటున్నారు. అసలు ఎంత నొప్పి ఉంటే ఫిజియోథెరపీకి వెళ్లాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నింటికంటే ముఖ్యమైనది చివరి ప్రశ్న. ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నేను, నొప్పి ఎంత ఉందన్న దాన్ని బట్టి ఈ నిర్ణయం తీసుకోవద్దని చెబుతాను, ఎందుకంటే నొప్పి తీవ్రతకూ లోపల జరిగిన నష్టానికీ చాలాసార్లు పొంతన ఉండదు. రోజంతా పత్తి ఏరిన మర్నాడు నడుము వంచలేనంత బాధపడి, వారం తిరిగేసరికి మళ్లీ చేనుకు వెళ్లేవారు ఉన్నారు. పెద్దగా నొప్పే లేకుండా పాదంలో బలం కోల్పోతున్నవారూ ఉన్నారు. కనుక, నొప్పి మొదలైన తరువాత మీరు చేయలేకపోతున్న పనులు ఏవో లెక్క వేసుకోండి. ఆ లెక్క మీ ఉత్తరంలోనే ఉంది: జడ, జాకెట్టు, అటక మీది డబ్బా, రాత్రి నిద్ర. వీటిలో మొదటి పని ఆగిపోయి రెండు మూడు వారాలు గడిచినా తిరిగి రానప్పుడే మీరు ఫిజియోథెరపీకి వెళ్లవలసిన సమయం వచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇంటి పనీ, కుట్టు పనీ ఒక చేతి మీద నెట్టుకొచ్చే ఆడవారు నా దగ్గరకు వచ్చేది సాధారణంగా ఇలా నాలుగైదు నెలలు ఓర్చుకున్న తరువాతే.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది భుజం కీలు బిగుసుకుపోయే సమస్య అయి ఉండవచ్చునని నాకు అనిపిస్తోంది. దీనిని ఫ్రోజన్ షోల్డర్ అంటారు. 1934లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే బోస్టన్ శస్త్రవైద్యుడు పెట్టిన ఈ పేరే నేటికీ డాక్టర్ల చీటీల మీద కనిపిస్తుంది. భుజం కీలు చుట్టూ వదులైన సంచిలాంటి ఒక పొర ఉంటుంది, చేయి అన్ని వైపులా తిరగగలుగుతున్నదంటే ఆ వదులు వల్లనే. ఈ సమస్యలో ఆ పొర మొదట వాచి, తరువాత మందంగా మారి, ముడుచుకుపోతుంది. నీళ్లలో తడిసి కుంచించుకుపోయిన జాకెట్టు చంకలో పట్టేసినట్టుగా, కీలు తన సంచిలోనే ఇరుక్కుపోతుంది. ఎముక అరగలేదు, విరగలేదు కనుక ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. డాక్టరు గారు ‘ఏమీ లేదు’ అన్నది ఎముక గురించి మాత్రమేనని, మీ బాధ గురించి కాదని గ్రహించండి. సాధారణంగా నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వచ్చే ఈ సమస్య, షుగర్ ఉన్నవారిలో నూటికి 10 నుంచి 20 మందికి వస్తుందని అంచనా. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వయసులో, అందునా స్త్రీలలో ఇది ఎక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవారిలో కూడా తరచుగా కనిపిస్తుంది కనుక, మీరు ఇంతవరకు థైరాయిడ్ పరీక్ష చేయించుకోకపోతే డాక్టరు గారిని అడిగి చేయించుకోవడం మంచిది.

ఇంట్లోనే చూసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. రెండు మోచేతులనూ పక్కటెముకలకు ఆనించి, చేతులను మోచేతి దగ్గర సగానికి మడిచి, అరచేతులు ఎదురెదురుగా ఉండేలా పట్టుకోండి. మోచేతులను కదపకుండా రెండు ముంజేతులనూ బయటి వైపుకు తెరవండి. ఎడమ చేయి తేలికగా తెరుచుకుని, కుడి చేయి మధ్యలోనే ఆగిపోతే, మీ అమ్మాయినో మీ ఆయననో ఆ కుడి చేతిని నెమ్మదిగా ఇంకొంచెం బయటికి తిప్పి చూడమనండి. వారు తిప్పినా కదలకపోతే కీలు బిగుసుకున్నదని అనుకోవచ్చు. అలా కాక, మీరు ఎత్తలేని చేయి ఇంకొకరు ఎత్తితే సులువుగా పైకి లేస్తున్నదంటే, భుజాన్ని ఎత్తే కండరాల కొసలు చిట్లి ఉండవచ్చు. దానికి చికిత్స వేరు, వ్యాయామాలూ వేరు. ఇటీవల కిందపడిన తరువాతో, బరువు ఎత్తిన తరువాతో చేయి హఠాత్తుగా లేవకుండా పోయినవారు మాత్రం ఈ పరీక్షలతో కాలయాపన చేయకుండా ముందు ఎముకల డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

ఈ సమస్య మూడు దశలుగా నడుస్తుంది. మొదటి దశలో నొప్పి ఎక్కువ, బిగువు తక్కువ. రాత్రుళ్లు నిద్ర పట్టదు, చిన్న కుదుపుకే ప్రాణం విలవిలలాడుతుంది. ఇది రెండు నుంచి తొమ్మిది నెలల వరకు ఉండవచ్చు. రెండవ దశలో నొప్పి కాస్త సద్దుమణిగి, బిగువు మిగులుతుంది. మూడవ దశలో బిగువు నెమ్మదిగా సడలుతుంది. మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్ల వరకు పట్టవచ్చు, షుగర్ అదుపులో లేనివారిలో ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది. ‘దానంతట అదే తగ్గే జబ్బుకు ఫిజియోథెరపీ ఎందుకు’ అని అడిగేవారు ఉంటారు. తగ్గడం నిజమే. కానీ చాలామందికి పూర్తిగా తగ్గదు. చేయి కొంతవరకు లేచి ఆగిపోతుంది, వీపు వెనుకకు పోవడం మాత్రం కొందరికి మునుపటిలా రాదు. అంతకాలం ఆ చేతిని వాడకపోవడం వల్ల కండరాలు సన్నబడతాయి, దాని పని కూడా మోసిన మెడ నొప్పి పుడుతుంది. ఫిజియోథెరపీ ఈ జబ్బును పది రోజుల్లో మాయం చేస్తుందని నేను చెప్పను. అలా చెప్పేవారిని నమ్మవద్దు. మొదటి దశలో నొప్పిని తగ్గించి నిద్ర పట్టేలా చేయడం, రెండవ దశలో పోయిన కదలికను అంగుళం అంగుళంగా వెనక్కు తేవడం, మూడవ దశలో బలాన్ని తిరిగి పెంచడం మా పని.

ఏ దశలో ఏం చేయాలన్నది తెలియకుండా చేస్తే మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. మొదటి దశలో ఉన్న భుజాన్ని పట్టుకుని బలవంతంగా లాగడం, ఇద్దరు మనుషులు కలిసి చేయి పైకి ఎత్తించడం, నొప్పి ఉన్నచోట గట్టిగా పిసికించుకోవడం వల్ల లోపలి వాపు ఇంకా పెరుగుతుంది. మీ మాలిష్ వల్ల తాత్కాలికంగా హాయి కలిగి ఉంటుంది. నెమ్మదిగా నూనె రాయడంలో తప్పు లేదు కూడా. కానీ లోపల ముడుచుకున్న పొర దగ్గరకు ఆ నూనె చేరదు. ఇక సూదుల సంగతి గట్టిగా చెప్పాలి. షుగర్ ఉన్నవారిలో మూత్రపిండాలు ముందే భారం మోస్తుంటాయి. నొప్పి సూదులూ, డైక్లోఫెనాక్ వంటి మాత్రలూ వారాల తరబడి వాడితే వాటికి దెబ్బ తగులుతుంది, కడుపులో పుండ్లు పడతాయి. ఆ సూదిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే షుగర్ కూడా పెరుగుతుంది. మీరు ఇప్పటివరకు ఎన్ని సూదులు, ఏ మాత్రలు తీసుకున్నారో డాక్టరు గారికి దాచకుండా చెప్పి, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఎముకల డాక్టరు తానే భుజం కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానంటే అది వేరే విషయం. నొప్పి ఎక్కువగా ఉన్న తొలి దశలో అది ఉపయోగపడుతుంది, దాని తరువాత వ్యాయామం చేయడం కూడా సులువవుతుంది. అయితే ఆ తరువాత కొన్ని రోజుల పాటు షుగర్ పెరగవచ్చు కనుక, రోజూ పరీక్షించుకుంటామని మాట ఇచ్చిన మీదటనే తీసుకోండి.

ఫిజియోథెరపీ పక్షవాతం వారికీ, ఆపరేషన్ అయినవారికీ కదా అని అడిగారు. వారికి అది ఎంతో అవసరం, పెద్దాసుపత్రుల్లో మన కళ్లకు ఎక్కువగా కనిపించేది కూడా వారే. అందుకే ఊళ్లలో చాలామందికి ఫిజియోథెరపీ అంటే నడవలేనివారిని నడిపించడమో, కరెంటు పెట్టించుకోవడమో అని స్థిరపడిపోయింది. నిజానికి మా దగ్గరకు వచ్చేవారిలో నడుము, మెడ, భుజం, మోకాళ్ల నొప్పులవారే పెద్ద సంఖ్యలో ఉంటారు. కట్టు విప్పిన తరువాత మోచేయి చాపలేనివారు, కాన్పు తరువాత నడుము నొప్పి తగ్గనివారు, చికున్‌గున్యా వచ్చి వెళ్లిన నెలల తరువాత కూడా కీళ్లు పట్టేసి ఉన్నవారు వస్తారు. కరెంటు పెట్టే యంత్రాలు నొప్పిని కొంతసేపు అణిచి, వ్యాయామానికి వీలు కల్పిస్తాయి, అంతకుమించి వాటికి శక్తి లేదు. పది రోజులు వరుసగా యంత్రం పెట్టి, ఒక్క వ్యాయామం కూడా నేర్పకుండా పంపించే చోట మీ డబ్బు, కాలం రెండూ వృథా అవుతాయి.

ఇక ఏ నొప్పికి ఎప్పుడు వెళ్లాలో చెబుతాను. అలవాటు లేని పని చేసిన మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులకు ఎవరి దగ్గరకూ వెళ్లనక్కరలేదు. నాట్లు వేసినా, పెళ్లి పనుల్లో గిన్నెలు మోసినా వచ్చే నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టి, వారం పది రోజుల్లో పోతుంది. అన్నాళ్లూ మంచం పట్టకుండా తేలికపాటి పనులు చేసుకుంటూ ఉండడమే దానికి చికిత్స. రెండు మూడు వారాలైనా ఆ నొప్పి తగ్గే దారి పట్టకపోతే, తగ్గినట్టే తగ్గి ప్రతి నెలా రెండు నెలలకూ తిరిగి వస్తుంటే, ఏదైనా ఒక కదలిక పూర్తిగా ఆగిపోతే, నొప్పికి భయపడి మీరు పనులను ఒక్కొక్కటిగా మానుకుంటూ ఉంటే ఫిజియోథెరపిస్టును కలవాలి. ఈ చివరిదానిని చాలామంది గుర్తించరు. మోకాళ్ల నొప్పితో మొదట మెట్లు మానుతారు, తరువాత గుడికి వెళ్లడం, ఆ తరువాత పక్కింటికి వెళ్లడం కూడా మానేసి, ‘ఇప్పుడు నొప్పి అంతగా లేదండీ’ అంటారు. నొప్పి తగ్గలేదు, నడక తగ్గింది. తొడ ముందు భాగంలోని కండరం క్షీణించి, ఆరు నెలల్లో మోకాలు ఇంకా బలహీనపడుతుంది. అటువంటివారు నొప్పి కొద్దిగా ఉన్నప్పుడే వస్తే మాకు చేయగలిగినది చాలా ఉంటుంది.

కొన్ని నొప్పులకు ముందుగా వెళ్లవలసింది డాక్టరు దగ్గరకు, మా దగ్గరకు కాదు. ఉదయం లేచాక చేతి వేళ్లు, మణికట్లు గంటసేపు బిగుసుకుని ఉండి, రెండు వైపులా కీళ్లు వాస్తుంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి ముందు మందులు పడాలి. ఇరవై ముప్పై ఏళ్ల యువకుడికి తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగితే తగ్గుతూ, నెలల తరబడి అలాగే సాగుతుంటే దానిని మామూలు నడుము నొప్పిగా కొట్టిపారేయరాదు. ఒళ్లంతా నొప్పులుగా ఉండి నీరసంగా ఉన్నవారు విటమిన్ డి, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గిపోవడం తరచుగా చూస్తాము కనుక ఈ మాట మీకు కూడా వర్తిస్తుంది. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారికి వెన్ను, మెడ బిగుసుకుపోతుంటే ఆ సంగతి డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పాలి. కుడి భుజం నొప్పి చేయి కదిపినా కదపకపోయినా ఒకేలా ఉండి, భోజనం తరువాత కుడి డొక్కలో కూడా నొప్పి వస్తుంటే పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో చూపించుకోవాలి. భుజం నొప్పితో పాటు ఛాతీ బిగబట్టినట్టు ఉండడం, చెమటలు పట్టడం, ఆయాసం, దవడ లాగడం వంటివి కనిపిస్తే ఒక్క నిమిషం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా రావచ్చు కనుక మీ ఇంట్లోవారందరికీ ఈ విషయం చెప్పి ఉంచండి.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో ముప్పై ఏళ్ల రైతు ఒకరు మూడు నెలల నడుము నొప్పితో వచ్చారు. అప్పటికే వేరొకచోట పదిహేను రోజులు కరెంటు పెట్టించుకున్నారు. నేను కూడా మొదటి రోజు ఆయన నడుమును మాత్రమే చూశాను. రెండవ రోజు ఆయన చొక్కా విప్పుతూ, బట్టలన్నీ వదులైపోతున్నాయని మాటవరసకు అన్నారు. సాయంత్రాలు జ్వరం వస్తోందా అని అప్పుడు అడిగితే, వస్తోందన్నారు. వెన్నులో ఒక ఎముక మీద వేలితో తడితే ఉలిక్కిపడ్డారు. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాము. అక్కడ పరీక్షల్లో అది వెన్నెముకకు సోకిన క్షయ అని తేలింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు ఏడాది పాటు వాడి, ఆ తరువాత మా దగ్గర వ్యాయామాలు చేసి, ఆయన తిరిగి వ్యవసాయంలో పడ్డారు. ఆనాటి నుంచి నేను ఎవరి నడుము ముట్టుకునే ముందైనా జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, గతంలో క్యాన్సర్, ఇటీవల కిందపడడం, దీర్ఘకాలం స్టెరాయిడ్ల వాడకం గురించి అడగకుండా ఉండను. మీరు వెళ్లిన చోట ఈ ప్రశ్నలు అడగకపోతే, మీకు ఉన్నవాటిని మీరే చెప్పండి.

మీ భుజానికి ఇప్పుడే మొదలుపెట్టదగిన పనులు కొన్ని ఉన్నాయి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలును పది నిమిషాలు భుజం మీద వేసుకోండి. షుగర్ వల్ల చర్మానికి వేడి సరిగా తెలియకపోవచ్చు కనుక, ఆ వేడిని ముందు ఇంకొకరి చేత చూపించండి. తరువాత ఎడమ చేతిని బల్ల మీద ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని బావిలో వేలాడే చేదలాగా వదిలేసి, ముందుకూ వెనుకకూ, ఆపైన చిన్న సున్నాలు చుట్టినట్టుగా నిమిషం చొప్పున ఊపండి. ఇది కాడ్‌మన్ పేరు మీదనే ప్రచారంలో ఉన్న వ్యాయామం. మీ దగ్గర గుడ్డ కొలిచే చెక్క స్కేలు ఉండే ఉంటుంది. వెల్లకిలా పడుకుని, కుడి మోచేతిని పక్కకు ఆనించి, రెండు చేతులతో స్కేలు కొసలు పట్టుకుని, ఎడమ చేతితో కుడి చేతిని నెమ్మదిగా బయటికి నెట్టండి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించి, చేయి ఆగిన చోట మీ మార్కింగు చాక్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. నొప్పి నేడు ఎలా ఉందన్న దానికంటే ఆ గీత వారం వారం ఎక్కడికి చేరిందన్నది మీకూ, మీ ఫిజియోథెరపిస్టుకూ ఎక్కువ చెబుతుంది. ఒకేసారి అరగంట చేయడం కంటే రోజుకు మూడు నాలుగు సార్లు ఐదేసి నిమిషాలు చేయడం మంచిది. చేసిన తరువాత వచ్చిన నొప్పి అరగంటలో సర్దుకుంటే సరిగ్గా చేస్తున్నట్టు. ఆ రాత్రి నిద్ర చెడిపోతే మర్నాడు సగానికి తగ్గించండి. పడుకునేటప్పుడు కుడి చేతి కింద మడిచిన దుప్పటి పెట్టుకుంటే భుజం వెనుకకు వాలకుండా ఉంటుంది.

కుట్టు పని మానమని నేను చెప్పను. ఆ చేతికి కదలిక అవసరం, మీ ఇంటికి ఆ సంపాదన అవసరం. కాని మిషను ఎత్తు మీ మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉండేలా పీట ఎత్తును సరిచేసుకోండి. గుడ్డ తీసుకోవడానికి కుడి చేయి చాచవలసిన అవసరం లేకుండా, కుట్టవలసిన బట్టల బుట్టను ఎడమ పక్కకు మార్చండి. అరగంటకు ఒకసారి లేచి భుజాలు కదపండి. హుక్కులు, కాజాలు, ఫాల్ వంటి చేతి పనులు వరుసగా కూర్చుని చేయకుండా మిషను పని మధ్యలో కొంచెం కొంచెంగా చేయండి.

ఫిజియోథెరపీ కోసం మొదట మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం గురించి విచారించండి. ప్రైవేటుకు వెళితే, అక్కడ చికిత్స చేసేవారు ఫిజియోథెరపీలో డిగ్రీ చదివినవారేనా అని అడగడానికి మొహమాటపడవద్దు. అది నాలుగేళ్లకు పైగా సాగే చదువు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజియోథెరపిస్టులు కూడా ఉన్నారు. డాక్టరు చీటీ, ఎక్స్‌రే, మీరు వాడే మాత్రలన్నీ, ఈ మధ్య చేయించిన షుగర్ రిపోర్టు పట్టుకెళ్లండి. మొదటి రోజు మీ భుజాన్ని అన్ని వైపులా కదిపి చూసి, ఎంత లేస్తున్నదో రాసుకుని, ఏ దశలో ఉన్నారో చెప్పి, ఇంటి దగ్గర చేయవలసినవి మీ చేత చేయించి చూస్తే మీరు సరైన చోటికి వెళ్లినట్టే. రోజూ వెళ్లిరావడం మీకు కుదరకపోతే ఆ మాట ముందే చెప్పండి. వారానికి ఒకసారో రెండుసార్లో వచ్చి, మిగతా రోజులు ఇంట్లో శ్రద్ధగా చేసేవారు కూడా బాగుపడడం నేను చూస్తూనే ఉన్నాను.

మీ ఆయన సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. నడుము నుంచి కాలిలోకి దిగే నొప్పి, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు నరాన్ని ఒత్తినప్పుడు తరచుగా వస్తుంది. దగ్గినా, తుమ్మినా, ఎక్కువసేపు కూర్చున్నా అది పెరుగుతుంది, కనుక ఆటో సీటు దానికి బాగా చేటు చేస్తుంది. ఇటువంటి నొప్పిలో ఎక్కువ భాగం ఆపరేషన్ లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. కాని మంచం మీద పడుకుని ఉండడం వల్ల తగ్గదు. భరించలేని మొదటి ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు, ఆ తరువాత కూడా పడుకునే ఉంటే వెన్నును పట్టి ఉంచే కండరాలు బలహీనపడి కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఇంట్లో కొద్దికొద్దిగా నడవమనండి. ఆటో తప్పనిసరిగా నడపవలసి వస్తే నడుము వెనుక చుట్టిన తువ్వాలు పెట్టుకుని, అరగంటకు, ముప్పావుగంటకు ఒకసారి దిగి పదడుగులు వేయమనండి. ఎమ్మారై స్కాన్ తీయించాలని తొందరపడవద్దు. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవారికి స్కాన్ తీసినా నూటికి 60 మందిలో డిస్కు ఉబ్బి కనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది, ఆ రిపోర్టులోని మాటలు చదివి లేని భయం పెట్టుకున్నవారిని నేను ఎందరినో చూశాను. మూడు వారాలు నిండాయి కనుక ఆయన ఫిజియోథెరపిస్టును కలవవలసిన సమయం వచ్చింది, అయితే అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మూత్రం రావడం కష్టమైనా, వస్తున్నట్టు తెలియకపోయినా, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినట్టు ఉన్నా, నొప్పి, బలహీనత రెండు కాళ్లలోకీ పాకినా అదే రోజు, రాత్రయినా సరే, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. నరాల మీద ఒత్తిడి ఆ స్థాయికి చేరినప్పుడు గంటలు గడిచేకొద్దీ తిరిగి కోలుకునే అవకాశం తగ్గిపోతుంది. మగవారు ఈ విషయాలు భార్యకు కూడా చెప్పడానికి సిగ్గుపడతారు కనుక మీరే అడగండి. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు తెలియకుండా జారిపోతోందా, బొటనవేలు నేలకు తగిలి తడబడుతున్నారా అని కూడా గమనించండి. ఈ సాయంత్రం ఆయన ఆటో దిగి ఇంట్లోకి వచ్చాక, గోడ పక్కన నిలబెట్టి మడమల మీద పదడుగులు, తరువాత మునివేళ్ల మీద పదడుగులు నడిపించి చూడండి. రెండూ చేయగలిగితే ఈ వారంలో మీతోపాటే ఫిజియోథెరపీకి తీసుకెళ్లండి. ఎడమ పాదం ముందు భాగం గాని, మడమ గాని నేల మీది నుంచి లేవకపోతే మాత్రం, నొప్పి తగ్గిందని ఆయన చెప్పినా సరే, రేపు ఉదయం ఆటో తీయనివ్వకుండా ఎముకల డాక్టరు దగ్గరకు గాని, నరాల డాక్టరు దగ్గరకు గాని తీసుకెళ్లండి.